స్టీరియో కార్డు మీద స్టీమరు: పడవ ఏది, బొమ్మ ఎప్పటిది?

స్టీరియో కార్డు అంటే రెండు ఫొటోలు పక్కపక్కనే అతికించిన అట్ట, పరికరంలో పెట్టి చూస్తే బొమ్మకు లోతు వస్తుంది. పందొమ్మిదో శతాబ్దపు కార్డు మీద సాధారణంగా తేదీ ఉండదు. ఉన్నా అది కాపీరైటు ఏడాదో, తర్వాతెప్పుడో ఎవరో పెన్సిలుతో రాసుకున్నదో అయ్యుంటుంది. అమెరికాలోని హడ్సన్ నది మీదో లేక్ జార్జ్ సరస్సు మీదో తిరిగిన స్టీమరు బొమ్మను చూపించి "ఇది 1870 నాటిది" అని అమ్మకందారు చెబితే, అతని దగ్గరున్న ఆధారం చాలాసార్లు ఒక్కటే: అట్ట మూలలు గుండ్రంగా ఉన్నాయని. ఆ ఆధారం అట్ట వయసు చెబుతుంది, ఫొటో వయసు కాదు. నిజానికి ఒక్క కార్డులో మూడు వయసులు ఉంటాయి: పడవది, నెగటివ్‌ది, అట్టది. మూడూ కలగాపులగమైపోవడం వల్లే ఇన్ని తప్పుడు తేదీలు చలామణీలో ఉన్నాయి. వాటిని విడదీయడానికి పడవల చరిత్ర, ఫొటో రసాయనం, అట్టల తయారీ కొద్దికొద్దిగా తెలియాలి. రెండు బొమ్మల్లోంచి లోతు ఎలా పుడుతుందో కూడా తెలియాలి. ఆ లోతు కంటికి ముచ్చట గొలిపేదే కాదు, సాక్ష్యం కూడా.

కార్డు మామూలు కొలత 7 అంగుళాల పొడవు, 3.5 అంగుళాల ఎత్తు. అట్ట మీద రెండు ఫొటోలు పక్కపక్కనే అతికించి ఉంటాయి. రెండు కళ్లకు రెండు బొమ్మలు విడివిడిగా చూపిస్తే లోతు కనిపిస్తుందని చార్లెస్ వీట్‌స్టన్ 1838లో అద్దాలతో నిరూపించాడు. డేవిడ్ బ్రూస్టర్ 1849లో అద్దాలకు బదులు లెన్సులు పెట్టాడు. 1851 లండన్ ప్రదర్శనతో దానికి గిరాకీ పుట్టింది. అమెరికాలో ఇంటింటికీ చేరింది మాత్రం ఆలివర్ వెండెల్ హోమ్స్ 1861లో రూపొందించిన, చేత్తో పట్టుకుని చూసే తేలికపాటి చెక్క పరికరం. ఆయన దానికి పేటెంటు తీసుకోలేదు, అందుకే ఎవరు పడితే వాళ్లు చవగ్గా చేసి అమ్మగలిగారు. అమెరికా ఈశాన్య రాష్ట్రాల నదుల మీదా సరస్సుల మీదా ప్రయాణికుల స్టీమర్లు వెలిగిపోతున్న రోజులవి. విహారానికి వచ్చినవాళ్లు ఎక్కిన పడవ బొమ్మనే కొనుక్కుని ఇంటికి పట్టుకెళ్లేవాళ్లు. ఇన్ని కార్డులు మిగలడానికి కారణం ఆ వ్యాపారమే.

లోతు లెక్క

మన రెండు కళ్ల మధ్య దూరం సుమారు 65 మిల్లీమీటర్లు. స్టీరియో కెమెరాలో రెండు లెన్సుల మధ్య కూడా ఇంచుమించు అంతే ఎడం. దగ్గరున్న వస్తువు ఎడమ బొమ్మలో కాస్త కుడికి, కుడి బొమ్మలో కాస్త ఎడమకు జరిగి పడుతుంది. దూరపు కొండ దాదాపు కదలదు. ఈ తేడానే మెదడు లోతుగా పోల్చుకుంటుంది.

తేడా ఎంతో లెక్కగట్టడం తేలిక: లెన్సుల మధ్య ఎడాన్ని లెన్సు ఫోకల్ దూరంతో (దాదాపుగా, లెన్సుకూ దాని వెనక బొమ్మ పడే గాజు పలకకూ మధ్య దూరం) హెచ్చించి, వస్తువు ఎంత దూరంలో ఉందో దాంతో భాగించాలి. 6 అంగుళాల లెన్సు, అంటే సుమారు 150 మిల్లీమీటర్లది అనుకుందాం. 5 మీటర్ల దూరంలో రేవు గుంజ ఉంటే పలక మీద జరుగుడు దాదాపు 2 మిల్లీమీటర్లు. 10 మీటర్ల దగ్గర 1 మిల్లీమీటరు. 50 మీటర్ల దగ్గర 0.2. 100 మీటర్లకు వెళ్తే 0.1 మాత్రమే.

నది మధ్యలో, ఒడ్డుకు దూరంగా పోతున్న స్టీమరును తీసిన కార్డులు పరికరంలో పెట్టినా చదునుగానే ఉండటానికి కారణం ఇదే. పడవ మొత్తం ఒక రేకు ముక్కలా నీటి మీద నిలబడి ఉంటుంది. అనుభవమున్న ఫొటోగ్రాఫర్లు ఈ లోటును రేవుతో పూడ్చుకున్నారు. ముందు భాగంలో పీపాలు, మోకు చుట్టిన గుంజ, ఎదురుచూస్తున్న మనుషులు, వాళ్ల వెనక పడవ, ఆ వెనక కొండ. లోతంతా ఆ పీపాలదీ మోకుదీ. పడవకు వచ్చింది దాంట్లో కొద్ది వాటా.

ఆ కొద్ది వాటా కూడా పనికొస్తుంది. స్టీమరును కాస్త ఏటవాలుగా తీసినప్పుడు రెండు పొగగొట్టాలు పక్కపక్కన కనిపిస్తాయి. అవి పడవ పొడవునా ఒకదాని వెనక ఒకటి ఉన్నాయా, వెడల్పుకు అడ్డంగా కుడీ ఎడమా ఉన్నాయా అన్నది ఒక్క ఫొటో చూసి తేల్చడం కష్టం. పడవను గుర్తుపట్టడానికి అది తెలిసి తీరాలి. హడ్సన్ మీద ఎంతో పేరు పొందిన మేరీ పావెల్‌కు రెండు గొట్టాలూ అడ్డంగా, ఇరుపక్కలా ఉండేవి. గొట్టాల మధ్య 8 మీటర్ల ఎడముండి, దగ్గరిది కెమెరాకు 30 మీటర్ల దూరంలో, రెండోది 38 మీటర్ల దూరంలో ఉంటే, జరుగుడులో తేడా సుమారు 0.07 మిల్లీమీటర్లు. మంచి ప్రింటును హోమ్స్ పరికరంలో చూస్తే ఒకటి ముందు, ఒకటి వెనక అని కన్ను పట్టేస్తుంది. అదే పడవ 100 మీటర్ల దూరంలో ఉంటే తేడా 0.007కు పడిపోతుంది. అప్పుడు స్టీరియో కార్డు ఉన్నా మామూలు ఫొటో ఉన్నా ఒకటే.

దగ్గరికి వెళ్తే మసక, దూరం వెళ్తే చదును

లోతు కావాలంటే పడవకు దగ్గరగా వెళ్లాలి. కానీ దగ్గరగా ఉన్న పడవ కదిలితే బొమ్మ చెదిరిపోతుంది. గంటకు 20 కిలోమీటర్ల వేగంతో పోయే స్టీమరు 60 మీటర్ల దూరంలో అడ్డంగా దాటుతుంటే, అదే 6 అంగుళాల లెన్సుతో పలక మీద బొమ్మ సెకనుకు దాదాపు 14 మిల్లీమీటర్లు పరుగెడుతుంది. సెకనులో పదో వంతు సేపు లెన్సు తెరిచినా 1.4 మిల్లీమీటర్ల మసక. యాభయ్యో వంతులో ముగించినా 0.28. అంటే లోతును చూపించే జరుగుడుకన్నా మసకే ఎక్కువ. 300 మీటర్ల దూరానికి వెళ్తే మసక ఐదో వంతుకు తగ్గుతుంది, దాంతోపాటే లోతూ పోతుంది.

ఈ ఇరకాటంలోంచి బయటపడే దారులు రెండే. పడవ రేవులో కట్టి ఉన్నప్పుడు తీయడం ఒకటి. పడవ కెమెరా వైపు ఎదురుగా వస్తున్నప్పుడు తీయడం రెండోది, ఎందుకంటే ఎదురొచ్చే పడవ పలక మీద పక్కకు జరగడం తక్కువ. మిగిలిన కార్డులను గమనించండి, ఎక్కువ భాగం రేవు బొమ్మలే.

పడవ నిలిచి ఉందో నడుస్తోందో తెలుసుకోవడానికి తెడ్డు చక్రాలను చూసి లాభం లేదు. అవి పక్కనున్న పెద్ద గుండ్రటి పెట్టెల్లో దాగి ఉంటాయి. పై డెక్కు మీదికి చూడాలి. తూర్పు తీరపు స్టీమర్లలో చాలావాటికి వాకింగ్ బీమ్ ఇంజను ఉండేది. సిలిండరు నిలువుగా కింద ఉంటుంది. పైకప్పు మీద వజ్రం ఆకారంలో పెద్ద ఇనుప చట్రం మధ్యలో ఇరుసు మీద ఊగుతుంది. దాని ఒక కొస పిస్టను కడ్డీకి, రెండో కొస చక్రాల ఇరుసును తిప్పే కడ్డీకి కట్టి ఉంటుంది. పడవ అంచులూ స్తంభాలూ స్ఫుటంగా ఉండి, ఆ చట్రం కొసలు మాత్రం అలుక్కుపోతే ఇంజను నడుస్తోందన్నమాట. ఈ యంత్రాన్ని కళ్లారా చూడాలనుకుంటే వెర్మాంట్ రాష్ట్రంలోని షెల్బర్న్ మ్యూజియంలో 1906 నాటి టికాండెరోగా ఉంది. బోస్టన్, న్యూయార్క్ పరిసరాల్లో ఉండే తెలుగువాళ్లు వేసవి సెలవుల్లో అటు వెళ్తే ఒక పూట దానికోసం కేటాయించడం మేలు. కార్డుల్లో వేలెడంత కనిపించే చట్రం ఎంత పెద్దదో ఎదురుగా నిలబడితేగానీ తెలియదు.

1850ల్లో ఒక్క లెన్సు కెమెరానే పక్కకు జరిపి రెండుసార్లు తీసిన బొమ్మలూ ఉన్నాయి. కొండలకూ కట్టడాలకూ ఆ పద్ధతి సరిపోతుంది, నీటికి పనికిరాదు. మొదటి బొమ్మకూ రెండో బొమ్మకూ మధ్య అలలు మారిపోతాయి, పొగ ఆకారం మారుతుంది, డెక్కు మీద మనిషి నాలుగడుగులు వేస్తాడు. పరికరంలో చూస్తే ఆ చోట్లు మిలమిలలాడుతూ కంటికి ఇబ్బంది పెడతాయి. కార్డు చేతికి రాగానే రెండు బొమ్మల్లో పొగను పోల్చి చూడండి. ఆకారం ఒకటే అయితే రెండు లెన్సులూ ఒకేసారి తెరుచుకున్నాయి. తేడా ఉంటే రెండు విడతల బొమ్మ.

తడి పలక పెట్టిన షరతులు

1851లో ఫ్రెడరిక్ స్కాట్ ఆర్చర్ ప్రకటించిన తడి కలోడియన్ పద్ధతే 1880 వరకు రాజ్యమేలింది. గాజు పలక మీద కలోడియన్ అనే జిగట ద్రావణం పోసి, అన్ని మూలలకూ పారించి, పొర కాస్త బిగుసుకున్నాక చీకట్లో సిల్వర్ నైట్రేట్ తొట్టెలో సుమారు 3 నిమిషాలు ముంచాలి. తడిగా ఉండగానే బొమ్మ తీసి, ఐరన్ సల్ఫేట్ ద్రావణం పోసి బొమ్మను రప్పించాలి. ఎండను బట్టి మొత్తం వ్యవధి 10, 15 నిమిషాలు. ఇది దాటితే అంచుల నుంచి పొర ఆరడం మొదలై, ఆ మేరకు మచ్చలూ చారలూ పడతాయి. పలక సిద్ధం చేశాక పడవ రావడం ఆలస్యమైతే ఆ పలక వృథా. పక్కనే చీకటి గుడారమో బండో కూడా ఉండాలి, కాబట్టి రేవుకు కెమెరా ఒక్కటే తీసుకెళ్తే సరిపోదు.

ఇంత నెమ్మది పద్ధతిలో కూడా కదిలే దృశ్యాలు మొదట సాధ్యమైంది స్టీరియోలోనే. చిన్న పలకకు తక్కువ ఫోకల్ దూరమున్న లెన్సు చాలు. అలాంటి లెన్సు రంధ్రాన్ని పెద్దది చేసి ఎక్కువ వెలుగు రానిచ్చినా, దగ్గరివీ దూరపువీ రెండూ స్పష్టంగానే పడతాయి. ఎడ్వర్డ్ ఆంథోనీ 1859లో న్యూయార్క్ వీధులనూ ఓడరేవునూ క్షణంలో తీసిన బొమ్మలుగా అమ్మకానికి పెట్టగలిగింది అందుకే. విస్కాన్సిన్ డెల్స్‌లో స్టీమర్ల మీద వచ్చే విహారయాత్రికులకు కార్డులు అమ్మిన హెచ్. హెచ్. బెనెట్ రబ్బరు బ్యాండుతో పనిచేసే షట్టరు సొంతంగా చేసుకున్నాడు. 1886లో తన కొడుకు స్టాండ్ రాక్ బండ మీదికి దూకుతుండగా గాల్లోనే పట్టుకున్న బొమ్మ దాని ఫలితం.

కలోడియన్‌కు ఒక గుణం ఉంది, దాన్ని మరిస్తే బొమ్మను తప్పుగా చదువుతాం. అది నీలం వెలుగుకు గట్టిగా స్పందిస్తుంది, ఎరుపును దాదాపు చూడదు. అందుకే ఆకాశం మబ్బులు లేని తెల్ల కాగితంలా పడుతుంది. తెల్లరంగు వేసిన స్టీమరు కమ్మీలూ కిటికీలూ వెలుగులో కరిగిపోతాయి. ఎర్ర రంగు, బంగారు రంగు నల్లగా పడతాయి. కాబట్టి చక్రం పెట్టె మీది పేరు నల్లగా కనిపించినంత మాత్రాన నల్లరంగుతో రాశారని అనుకోకూడదు. జెండా మీది నక్షత్రాలు లెక్కపెట్టి ఏడాది తేల్చే ప్రయత్నం కూడా ఇక్కడే దెబ్బతింటుంది. నీలం భాగం లేతగా పడటంతో తెల్ల నక్షత్రాలు అందులో కలిసిపోతాయి, పైగా గాలికి జెండా ఊగుతూనే ఉంటుంది. "వెన్నెల్లో సరస్సు" అన్న కార్డులను కూడా అలాగే నమ్మకూడదు. అవి పగటిపూట సూర్యుడికి ఎదురుగా తీసి, ప్రింటును ముదురు చేసినవి.

అట్ట చెప్పేది

అట్టల కాలక్రమం ఉజ్జాయింపుగా ఇదీ. 1860 ప్రాంతం వరకు పల్చటి, తెల్లటి లేదా లేత బూడిదరంగు అట్టలు, మూలలు చతురస్రంగా. ఆ దశకంలో పసుపు అట్టలు వచ్చాయి, మూలలు అలాగే ఉన్నాయి. 1868 ప్రాంతం నుంచి మూలలు గుండ్రమయ్యాయి. 1880ల నాటికి కొద్దిగా వంచిన అట్టలు వ్యాపించాయి. వంపు పొరపాటున వచ్చింది కాదు, కావాలని చేసిందే. సాగదీసి చదును చేయాలని చూస్తే, బొమ్మను పట్టి ఉంచే ఫొటో కాగితం మీది గుడ్డు తెల్లసొన పొర చిట్లుతుంది.

అమెరికా కార్డుల్లో అన్నిటికన్నా గట్టి ఆధారం వెనకవైపు అంటించిన పన్ను బిళ్ల. అంతర్యుద్ధం ఖర్చుల కోసం ఫొటోల అమ్మకం మీద 1864 సెప్టెంబరు నుంచి 1866 ఆగస్టు 1 వరకు పన్ను ఉండేది. 25 సెంట్ల లోపు ధరకు 2 సెంట్ల బిళ్ల, 50 లోపు 3, డాలరు లోపు 5. అమ్మినవాళ్లు బిళ్ల మీద కలంతో గీత కొట్టి పొడి అక్షరాలో తేదీయో వేయాలి. బిళ్ల ఉంటే ఆ కార్డు ఆ రెండేళ్లలోపే అమ్ముడైంది. నెగటివ్ అంతకుముందుదైనా కావచ్చు.

తర్వాత సంస్థ పేరూ చిరునామా చూడాలి. ఆంథోనీ సంస్థ 1862లో సోదరుడి పేరు కలుపుకుని ఇ. అండ్ హెచ్. టి. ఆంథోనీ అండ్ కంపెనీ అయింది. 501 బ్రాడ్‌వే చిరునామా 1860లది, 591 బ్రాడ్‌వే 1870 నుంచి. న్యూ హాంప్‌షైర్‌లోని లిటిల్టన్ నుంచి వచ్చిన కార్డుల మీద కిల్బర్న్ బ్రదర్స్ అని ఉంటే అన్నదమ్ములిద్దరూ కలిసి ఉన్నప్పటిది, బి. డబ్ల్యు. కిల్బర్న్ అని ఉంటే 1870ల చివరలో ఆ ఇద్దరిలో ఒకరైన ఎడ్వర్డ్ కిల్బర్న్ తప్పుకున్న తర్వాతది. ఇవన్నీ ప్రింటు వయసులే. అమ్ముడుపోయే నెగటివ్‌ను సంస్థలు ఏళ్ల తరబడి మళ్లీ మళ్లీ ప్రింటు వేసుకున్నాయి. నంబర్ల వరస కూడా తీసిన వరస కానక్కర్లేదు.

పడవ చెప్పేది

ఇక్కడ వచ్చే పెద్ద చిక్కు ఒకే పేరున్న పడవలు. లేడీ ఆఫ్ ది లేక్ అన్న స్టీమరు న్యూ హాంప్‌షైర్‌లోని విన్నిపెసాకీ సరస్సు మీద 1849 నుంచి 1893 వరకు ఉంది. అదే పేరుతో ఇనుప పొట్టున్న ఇంకో స్టీమరు 1867 నుంచి వెర్మాంట్, క్యూబెక్‌ల మధ్య ఉన్న మెంఫ్రమేగాగ్ సరస్సు మీద తిరిగింది. కార్డు కింద సరస్సు పేరు లేకపోతే వెనకున్న కొండలే దిక్కు. మెంఫ్రమేగాగ్ అయితే ఔల్స్ హెడ్ కొండ శిఖరం గుర్తు. టికాండెరోగాలు కూడా రెండు: లేక్ జార్జ్ మీది పడవ 1901లో కాలిపోయింది, షెల్బర్న్‌లో ఉన్నది లేక్ చాంప్లేన్‌ది. లేక్ జార్జ్‌లోనే హోరికాన్‌లు రెండు, ఒకటి 1877ది, రెండోది 1911లో నడక మొదలుపెట్టినది. ఊరి పేర్లూ మారాయి. కాల్డ్‌వెల్ అని రాసి ఉంటే అది ఇప్పటి లేక్ జార్జ్ ఊరే.

పేరు తెలిశాక పడవ పుట్టిన ఏడాది కింది హద్దు అవుతుంది. విన్నిపెసాకీ మీద మౌంట్ వాషింగ్టన్ కనిపిస్తే ఆ నెగటివ్ 1872కు ముందుది కాదు. పై హద్దు విషయంలో తొందరపడకూడదు. మేరీ పావెల్ 1861లో మొదలై 1917 దాకా నడిచింది, కాబట్టి ఆ పేరు ఒక్కటే ఏమీ తేల్చదు. అప్పుడు మరమ్మతుల చరిత్ర పట్టుకోవాలి. మొదట 267 అడుగులున్న ఆ పడవను కొద్దికాలానికే పెంచి 288 అడుగులు చేశారు. ఇలాంటి మార్పులు, గొట్టాల సంఖ్య, పైలట్ గది రూపం, డెక్కుల అమరిక కార్డును పదేళ్ల పరిధిలోకి తెస్తాయి.

మూడింటినీ ఒక చోట పెట్టి చూద్దాం. గుండ్రటి మూలల పసుపు అట్ట, చదునుది, బిళ్ల లేదు, కాల్డ్‌వెల్ రేవులో మినీ హా హా స్టీమరు ఉన్న కార్డు అనుకుందాం. ఆ పడవ 1857లో నీళ్లలోకి దిగి 1876లో విశ్రమించింది. నెగటివ్‌కు అవే హద్దులు. మూలల్ని బట్టి ప్రింటు 1868 తర్వాతది. అంతమాత్రాన నెగటివ్ 1868 తర్వాతదని చెప్పలేం. పడవ పోయాక కూడా కార్డు అమ్ముడై ఉండవచ్చు. వెనక అచ్చు వేసిన జాబితాలో హోరికాన్ పేరుంటే ఆ అట్ట 1877 కన్నా పాతది కాదు, ముందువైపు బొమ్మలో మాత్రం అంతకుముందే ఆగిపోయిన పడవ ఉంది. నిజాయితీగా రాయాలంటే "నెగటివ్ 1857–76, ప్రింటు 1877 తర్వాత" అని రెండూ వేర్వేరుగా రాయాలి. సగటు తీసి "సుమారు 1870" అనడం తప్పు.

అతికించడంలో వచ్చే తప్పులు

రెండు లెన్సుల కెమెరాలో ఒకే పలక మీద రెండు బొమ్మలూ తలకిందులుగా పడతాయి. ప్రింటును తిప్పి నిలబెట్టగానే ఎడమ లెన్సు బొమ్మ కుడివైపుకు, కుడి లెన్సుది ఎడమవైపుకు వస్తాయి. అందుకని ప్రింటును మధ్యలో కోసి, చోట్లు మార్చి అతికించాలి. ఈ పని మరిచిపోతే లోతు తిరగబడుతుంది: కొండ ముందుకు వస్తుంది, పడవ కొండలో తవ్విన గుంటలా వెనక్కి పోతుంది.

పరికరం లేకుండా స్కేలుతోనే పట్టుకోవచ్చు. రెండు బొమ్మల్లో ఒకే దూరపు కొండ కొన మధ్య దూరం కొలవండి, 78 మిల్లీమీటర్లు వచ్చిందనుకుందాం. ఒకే రేవు గుంజ మధ్య దూరం కొలవండి. 76 వస్తే సరిగ్గా అతికించారు, దగ్గరి వస్తువు మధ్య దూరం ఎప్పుడూ తక్కువే ఉండాలి. 80 వస్తే చోట్లు తారుమారయ్యాయి. రెండు కొలతలూ సమానమైతే ఒకే ఫొటోను రెండుసార్లు అతికించి స్టీరియోగా అమ్మేశారు. చవక సంస్థలు ఆ పనీ చేశాయి. ప్రింటు నుంచి ప్రింటు తీసిన దొంగ నకళ్లను కమ్మీల దగ్గర పట్టుకోవచ్చు. నీడలు నల్లటి ముద్దలై, సన్నని గీతలు మాయమై ఉంటాయి. భూతద్దం కింద చుక్కలు కనిపిస్తే అది అసలు ఫొటోనే కాదు, అచ్చుయంత్రం మీద వేసింది.

స్కాన్ చేసేటప్పుడు పొగగొట్టాల లెక్కను గుర్తు పెట్టుకోండి. 300 డీపీఐలో (అంగుళానికి 300 చుక్కలు) మిల్లీమీటరుకు దాదాపు 12 పిక్సెళ్లు, అంటే 0.07 మిల్లీమీటర్ల తేడా ఒక పిక్సెల్ కూడా కాదు. 1200 డీపీఐలో అదే 3 పిక్సెళ్లు దాటుతుంది. అంతకన్నా తక్కువలో స్కాన్ చేస్తే కార్డులో ఉన్న లోతును మనమే పారేసినట్టు. రెండు వైపులా, అంచులతో సహా తీయాలి. తడిగుడ్డతో తుడవకూడదు, వంపు అట్టను స్కానరు మూతతో నొక్కకూడదు, దాన్ని పైనుంచి కెమెరాతో తీయడమే మంచిది. ఫోనులో పరికరం లేకుండా చూడాలంటే రెండు బొమ్మల కేంద్రాల మధ్య 60 మిల్లీమీటర్లు మించకుండా కుదించాలి. అసలు కార్డుల్లో ఆ దూరం కళ్ల ఎడంకన్నా ఎక్కువ. హోమ్స్ పరికరంలో ముక్కు వైపు పల్చబడే లెన్సు ముక్కలు ఆ తేడాను సర్దుతాయి, ఫోను తెర సర్దదు. సాధనకు కార్డులు కొనక్కర్లేదు, న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీలోని రాబర్ట్ ఎన్. డెన్నిస్ సేకరణ ఆన్‌లైన్‌లో ఉచితంగా దొరుకుతుంది. లేక్ జార్జ్ రేవు బొమ్మలతో మొదలుపెడితే దగ్గరి వస్తువులు ఎక్కువ కాబట్టి లోతు త్వరగా కుదురుతుంది.